తీతుగారి దేశాల ప్రార్థన

కొండపల్లి థర్మల్ కేంద్రంలో పనిచేసి రిటైరైన తీతుగారు తెల్లవారగానే బనీను మీద కండువా కప్పుకుని, గోడకున్న ప్రపంచ పటం ముందు మోకరిస్తారు. నొప్పుల మోకాళ్ల కింద ఒక దిండు. రోజుకో దేశం మీద అరచెయ్యి ఆనించి, పక్కింటివాళ్లకు అలారం అక్కర్లేనంత గట్టిగా ప్రార్థిస్తారు. ఆ చేతి చెమటకి ఆఫ్రికా సగం వెలిసిపోయింది. పటం కూడా పాతదే. "ఆ యుగోస్లావియా ఇప్పుడు లేదంటండీ" అని భార్య దీనమ్మ చెబితే, "దేశం పోతే మనుషులు కూడా పోతారా?" అని ఆ రోజు ఇంకాస్త ఎక్కువసేపే చేశారు.

మొన్న దీనమ్మను గుండె ఆపరేషనుకు విజయవాడ తీసుకెళ్లాల్సిన పొద్దున, ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఆమె మంచం దిగలేదు. "ఏవండీ, ఇవాళ్టికి ఆ దేశాల్ని వదిలేసి నాకోసం ప్రార్థన చెయ్యండి. డాక్టరుగారు గ్యారంటీ ఇవ్వలేనన్నారుగా" అంది. తీతుగారు ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టారు. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. ఏ దేశానికీ తడుముకోని నోరు పెగల్లేదు. చివరికి అలవాటైన మాటలే అందుకుని, "ప్రభువా, ఈమెను ఏలే రాజులకు మంచి బుద్ధి దయచేయుము. ఈమె సరిహద్దులలో యుద్ధములు మాన్పి..." అంటూనే నాలుక కరుచుకున్నారు. సిగ్గుతో ముఖం కందిపోయింది. దీనమ్మ నవ్వలేదు, కళ్లు కూడా తెరవలేదు. "ఆపేశారేంటండీ? వింటన్నాగా" అంది, ఆయన చెయ్యి జారిపోకుండా పట్టుకుని. తీతుగారు కళ్లు మూసుకుని, మళ్లీ రాజుల దగ్గర్నుంచే మొదలుపెట్టారు.