సోల్వెగ్ ప్రశ్నలు

గ్వాటెమాలా కొండల్లోని మా చిన్న ఆసుపత్రిలో సేవ చేయడానికి నార్వే నుంచి వచ్చిన నర్సు సోల్వెగ్, రోజూ చేతులు కడుక్కుంటూ, రోగుల్ని అడగాల్సిన స్పానిష్ ప్రశ్నలు గొణుక్కుంటుంది. అడగడం వచ్చింది, జవాబంటేనే గుండె దడ. ఆ రోజు ఇంజెక్షన్ సిద్ధం చేసి, "ఈ మందు మీకు పడుతుంది కదమ్మా?" అని అడిగింది.

"అవును తల్లీ," అంది ముసలి తోమాసా.

"లేక పడదా?"

"అవును తల్లీ."

సోల్వెగ్ సూది ఆపేసి పక్కకు చూసింది. మా నర్సు ఒడిలియా నవ్వింది. "అంత దూరం నుంచి వచ్చినదానివి, కాదంటే చిన్నబుచ్చుకుంటావని అన్నిటికీ అవునంటోంది! ఉండు, ఆమె కూతుర్ని పిలుస్తా."

కూతురు వస్తూనే, "అయ్యో, ఆ మందా! కిందటిసారి ఊపిరాడక అమ్మ చావుదాకా వెళ్ళొచ్చింది," అంది.

సోల్వెగ్ సూది పక్కన పెట్టేసింది. తోమాసా ఆమె చేతిని పట్టుకుంది. "భయపడ్డావా తల్లీ?"

ఆ ప్రశ్న ఏ స్పానిష్ పాఠంలోనూ లేదు.

"అవునమ్మా," అంది సోల్వెగ్, గొణుక్కోకుండా.