నారాయణప్ప గారి ఆఫీసు కాపీలు

2004 జూన్‌లో నన్ను పుంగనూరు డ్యూటీ మీద వేశారు. మదనపల్లెలో ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయంలో నేను అప్పుడు రికార్డు అసిస్టెంటును. పైన కార్యదర్శి, ఆయన కింద లైబ్రేరియన్, లైబ్రేరియన్ కింద నేను, నా కింద ఎవరూ లేరు. అంతకుముందు పదకొండేళ్లు అదే భవనం ఊడ్చినదాన్ని. ఆర్డరులో ఉన్నది ఇది: పుంగనూరులో కాలం చేసిన నారాయణప్ప గారి వ్యక్తిగత కాగితాలను వారసుల వద్ద స్వాధీనం చేసుకుని, నంబర్లు వేసి, జాబితా రాసి, మూడు నెలల్లో పని ముగించవలెను.

నారాయణప్ప అంటే మా వైపు తెలియనివాళ్లు తక్కువ. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసి, ముందుగానే రాజీనామా ఇచ్చి, సంప్రదాయాన్ని కాపాడే పనిలో దిగిన మనిషి. ఆ పని ఒక పార్టీ తరఫున చేశాడు. పార్టీ పేరు నేను చెప్పను, వాళ్లకు తెలుసు. బస్టాండులో సినిమా పోస్టర్లు చింపించాడు. కాలేజీలో ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చోకూడదని అర్జీ పెట్టాడు. ప్రేమికుల రోజు కార్డులు అమ్మిన అంగడి ముందు చాప పరుచుకుని కూర్చున్నాడు. 1996లో ఆడవాళ్లు నైటీలు వేసుకుని వీధి కొళాయికి రావడం వల్ల జాతి నశిస్తుందని సబ్ కలెక్టరు గారికి ఆరు పేజీలు రాశాడు. ఆ సంవత్సరం నేనూ నైటీలోనే నీళ్లు పట్టుకున్నాను. జాతి ఇంకా ఉంది.

పెళ్లి చేసుకోలేదు. దేశానికి అంకితమైపోయాడని సభల్లో చెప్పేవాళ్లు.

కాగితాలు ఇచ్చింది ఆయన అన్న కొడుకు సుధాకర్. టమోటా మండీ నడిపేవాడు, కౌన్సిలరు సీటు మీద కన్ను ఉండేది. చిన్నాయన కాగితాలు గ్రంథాలయంలో ఒక గదిలో పెట్టించి, ఆ గదికి చిన్నాయన పేరు రాయించి, పేరు కింద తన పేరు రాయించాలని అతని ఆలోచన. ఇచ్చే ముందు పార్టీ పెద్దలు నలుగురిని కూర్చోబెట్టి మూడు రోజులు కాగితాలు చూపించాడు. రహస్యాలు బయటికి పోకూడదట. నేను పోయినప్పటికి మూడో రోజు నడుస్తోంది. వాళ్లు చూసిన పద్ధతి నేను కళ్లారా చూశాను. ప్రతి కాగితం మీదా ‘విషయం’ అనే వరుస ఉంటుంది. ఆ వరుస చూడటం, కాగితం తిప్పేయడం, కాఫీ తాగడం. చదువుకున్నవాళ్లు కదా, పై వరుస చూస్తే లోపలిది తెలిసిపోతుంది. అట్లా నలభై ఒక్క కట్టలు తిప్పి, ప్రతి కట్టకూ ‘చూడబడినది’ అని చీటీ అంటించారు. ప్రతి చీటీ మీదా సుధాకర్ సంతకం.

దానపత్రం కూడా అతనే చెప్పి రాయించాడు. “ప్రతి కాగితమును పూర్తిగా పరిశీలించి, శాశ్వతముగా ఇచ్చివేయడమైనది” అని. పరిశీలించిన సంగతి రాయనక్కర లేదని చెప్పాను. వినలేదు. అతనికి మా మీద అనుమానం.

“సూడమ్మా రెడ్డెమ్మా, ఒక్క కాగితం తగ్గినా నేను ఊరుకునేది లేదు. మా చిన్నాయన చేతిరాత ప్రతిదీ చరిత్రే.”

“నంబరు పడినాక నేను తీయాలన్నా తీయలేనప్పా” అన్నాను.

మా పని ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. వచ్చిన ప్రతి కాగితానికీ కుడివైపు మూలలో మెత్తటి పెన్సిలుతో నంబరు వేస్తాము. ఇంకు వాడకూడదు. తరువాత ఆ నంబరు, ఎవరికి రాసినది, ఎప్పుడు రాసినది, విషయం ఏమిటి అన్నది పెద్ద రిజిస్టరులో ఎక్కిస్తాము. విషయం మన సొంత మాటల్లో రాయకూడదు, కాగితం తన గురించి తాను ఏమి చెప్పుకుంటే అదే రాయాలి. చురుకైనవాళ్లు రోజుకు మూడు వందల కాగితాలు ఎక్కిస్తారు. నేను అరవై దాటలేదు.

కారణం ఉంది. నాకు అక్షరాలు వచ్చింది ముప్పై నాలుగో ఏట. తొంభైల మొదట్లో ఊరూరా పెద్దవాళ్లకు పలకలు పంచి చదువు చెప్పినప్పుడు నేర్చుకున్నాను. ఇప్పటికీ పెదవులు కదపకుండా చదవలేను. ఒక అక్షరం వదిలేసి తరువాతి దానికి దూకడం నాకు చేతకాదు. లైబ్రేరియన్ నవ్వేవాడు. నవ్వితే నవ్వనీ అని పై నుంచి కింది దాకా చదువుకుంటూ పోయాను.

తొమ్మిదో కట్టలో ఇది దొరికింది. పలుచని కాగితం మీద కార్బన్ నకలు, మూలలో ‘ఆఫీసు కాపీ’ అని ముద్ర:

“కుప్పంలోని శ్రీ దేవసహాయం గారికి. విషయం: తమరు గత ఆదివారం హాజరు కాకపోవుట, సంజాయిషీ కోరుట గురించి. సూచిక: తమరి మౌనము. పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా, ఆదివారం ఉదయం సంగటి, ఊరిబిండి సిద్ధము చేసి మధ్యాహ్నం రెండు గంటల వరకు బస్సుల రాకపోకలు గమనించడమైనది. కుప్పం వైపు నుండి వచ్చిన మూడు బస్సులలోను తమరు లేరు. సంగటి గట్టిపడినది. నేను తినలేదు. కావున వచ్చే ఆదివారం విధిగా హాజరు కావలసినదిగా కోరడమైనది. రానియెడల తదుపరి చర్యగా నేనే రావలసి ఉండును. ఇట్లు, తమ నారాయణ. గమనిక: చదివిన పిమ్మట కాల్చవలెను.”

రెండుసార్లు చదివాను. మిగిలిన కట్టల్లో వెతుకుతూ పోతే అట్లాంటివి రెండు వందల పన్నెండు తేలాయి. ఇరవై ఏళ్ల ప్రేమ, అర్జీల భాషలో. మనిషికి వేరే భాష రాదు పాపం. జ్వరం వస్తే ‘ఆరోగ్య పరిస్థితి నివేదించుట గురించి’. అలిగితే ‘రెండవ జ్ఞాపిక’, అంటే రెండో రిమైండరు. కాల్చమని అవతలివాడికి రాసి, నకలు తాను దాచుకున్నాడు. గుమాస్తా చేయి నకలు తీయకుండా ఉండలేదు. అవతలివాడు మగవాడు, పైగా క్రైస్తవుడు, మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. క్రైస్తవంలోకి పోయేవాళ్లను తిడుతూ నారాయణప్ప రాసిన కరపత్రాలు మూడు కట్టలు.

ఆయన తన ఉత్తరాలన్నిటికీ సొంతంగా వరుస నంబర్లు వేసుకునేవాడు. 1998లో 311, 312 ఒకే తేదీన రాశాడు. 311 ఒక పత్రిక సంపాదకుడికి: మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు మన దేశంలో లేరు, ఉంటే జైల్లో ఉండాలి అని. 312 కుప్పానికి: ‘నేటి 311 విషయమై క్షమాపణ గురించి’.

నాకు కోపం వచ్చింది. 312 చదివి జాలిపడమంటే పడను. 311 అచ్చయింది, ఊరంతా చదివింది. 312 ఒక్కడు చదివి కాల్చాడు. అయినా రెండిటికీ నంబరు వేసి, వాటి విషయం ఉన్నది ఉన్నట్టు రిజిస్టరులో ఎక్కించాను. ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లు లేరు.

అక్టోబరులో గది ప్రారంభోత్సవం. చిత్తూరు నుంచి వచ్చిన పార్టీ పెద్ద మైకు ముందు నిలబడి, నాయకుడు కార్యకర్తలను ఎట్లా అదుపులో పెట్టేవాడో తెలిపే ఉత్తరం ఒకటి చదువుతానన్నాడు. ట్రేలో ఉన్న కట్ట నుంచి ‘విషయం’ వరుసలు చూసుకుంటూ పోయి, ‘హాజరు కాకపోవుట, సంజాయిషీ కోరుట’ దగ్గర ఆగాడు. ట్రే పట్టుకుని నిలబడింది నేనే. ఆపి ఉండవచ్చు. ఆపలేదు.

సంగటి దగ్గర వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. తదుపరి చర్య దగ్గర చప్పట్లు పడ్డాయి. ఆయన కాగితం దించి, “సూసినారా, కార్యకర్తకు ముద్ద పెట్టి క్రమశిక్షణ నేర్పిన నాయకుడు. ఇప్పుడు యాడుండారు అట్లాంటోళ్లు” అన్నాడు. ఇంకా పెద్ద చప్పట్లు.

జనం పోయాక ఒక ముసలాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు. పేరు చెప్పలేదు.

“అమ్మా, ఆయప్ప సదివిన కాగితం మీకు యాడ దొరికింది? అది నేను కాల్చేసినానే.”

“అది నకలప్పా. అట్లాంటివి రెండు వందల పన్నెండు ఉండాయి.”

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. గొడుగు ఒళ్లో పెట్టుకుని, “నన్ను కాల్చమని, తాను దాచి పెట్టుకున్నాడా దొంగనాయాలు” అన్నాడు. “నా దగ్గర ఒక్క ముక్క లేదమ్మా. కాల్చమంటే కాల్చేస్తి. ప్రతిదీ.”

రిజిస్టరులో ఆయన పేరు ఉందని, ఎవరైనా చూడవచ్చని చెప్పాను. మగవాళ్లిద్దరి మధ్య అట్లాంటి ప్రేమ అప్పటికి చట్ట ప్రకారం నేరం. చర్చిలో ఆయనది ముందు వరుస. రిజిస్టరు చూడకుండానే జవాబు చెప్పాడు: “నా పేరు పోతే పోనీమ్మా. కాగితాలు పోనీయొద్దు.”

సభ్యత్వ ఫారం ఇచ్చాను. సభ్యుడు ఏ రికార్డయినా అడిగి చదువుకోవచ్చు. నింపి సంతకం చేసి, ఐదు గంటల బస్సుకు పోయాడు.

సుధాకర్ మరునాడు తలుపు తీయకముందే వచ్చాడు. ఆ కిసుక్కుమన్న చప్పుడు అతనికి రాత్రంతా వినిపించినట్టుంది. కుప్పం ఉత్తరాలు అడిగి తీసుకుని చదివాడు. ఈసారి పై వరుస మాత్రమే కాదు. పది చదివేసరికి మొహం మాడిపోయింది.

“ఇట్ల ఇచ్చెయ్యమ్మా. పొయ్యిలో పెట్టేస్తాను.”

“చూడబడినది అని మీ సంతకమే ఉండాదప్పా.”

అతను కార్యదర్శి గారి గదిలోకి పోయాడు. కార్యదర్శి రిటైరైన హెడ్మాస్టరు, చెడ్డవాడు కాదు, ఒట్టి పిరికివాడు. బయటికి వచ్చి, “ఇచ్చేయి రెడ్డెమ్మా, మనకెందుకు” అన్నాడు. ఇస్తాను సార్, ఫారం నింపమనండి అన్నాను. ఆ ఫారం తయారు చేసింది ఆయనే. కాదనలేకపోయాడు.

ఉపసంహరణ ఫారం అంటే రిజిస్టరులోకి ఎక్కిన కాగితాన్ని వెనక్కి తీసుకోవడానికి ఇచ్చే దరఖాస్తు. నాలుగు గడులు: నంబరు, ఎవరికి రాసినది, విషయం, తీసివేయుటకు కారణం. అది ఏడుగురు సభ్యుల కమిటీకి పోతుంది. అందులో ఇద్దరు అవతలి పార్టీవాళ్లు. దాని నకలు పదిహేను రోజులు నోటీసు బోర్డు మీద ఉంటుంది. తరువాత ఆ ఫారం మా దగ్గర శాశ్వత రికార్డు.

సుధాకర్ మొదటి మూడు గడులూ గబగబా నింపాడు. నాలుగో దానిలో ‘వ్యక్తిగతము’ అని రాశాడు. నాకు వచ్చిన ఆర్డరులోనే వ్యక్తిగత కాగితాలు తెమ్మని ఉంది, ఆ లెక్కన నలభై ఒక్క కట్టలూ పోవాలి అని చూపించాను. కొట్టేసి ‘అసభ్యము’ అని రాశాడు.

“ఏ వాక్యమో రాయాలప్పా. బూతు యాడుందో సూపించు, నేనే రాసిపెడతాను.”

వెతికాడు. సంగటి, బస్సు, దగ్గు మందు, చెప్పులు కరుస్తున్నాయన్న సంగతి. కొట్టేశాడు. ‘నకిలీ’ అని రాశాడు. అట్లయితే 312 మాదిరే అదే కార్బన్, అదే రాత, అదే తేదీ ఉన్న 311 కూడా నకిలీ కావాలి, నైటీల అర్జీ కూడా కావాలి, అప్పుడు గదికి ఎవరి పేరు ఉంచాలో కమిటీ అడుగుతుంది అన్నాను. అదీ కొట్టేశాడు.

పన్నెండున్నర దాకా పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. ఉన్న కారణం ఒక్కటే. అది రాస్తే చిన్నాయన ఎవరో తన సంతకంతో నోటీసు బోర్డు ఎక్కించినట్టు. లేచి ఫారం చింపబోతే, దానికీ వరుస నంబరు ఉందని చెప్పాను. బల్ల మీద పెట్టేసి వెళ్లిపోయాడు. తరువాతి ఎన్నికల్లో సీటు వచ్చింది, ఓడిపోయాడు. దానికీ ఈ కాగితాలకూ సంబంధం లేదు. టమోటా మండీలో అతను చేసే తూకం అందరికీ తెలుసు.

దేవసహాయం గారు ఐదేళ్లు నెలకొక శనివారం కుప్పం నుంచి వచ్చి, ఒక్కో కట్ట తీయించుకుని చదువుకునేవాడు. రికార్డులో తప్పు కనిపిస్తే పాఠకుడు సవరణ చీటీ రాసి పెట్టవచ్చు. ఆయన పదిహేడు రాశాడు. “ఈ ఆదివారం నేను పోయినాను, ఆయనే తాళం వేసుకుని పార్టీ మీటింగుకు పోయినాడు” అన్నది ఒకటి. అన్నీ ఆయా కాగితాల పక్కనే కుట్టి పెట్టాను.

నేను రిటైరయ్యేదాకా చాలామంది పెద్దమనుషులు చాలా కాగితాలు తీసేయమని అడిగారు. అందరికీ అదే ఫారం ఇచ్చాను. కాగితం నిలవాలంటే బీరువా తాళం కన్నా, తీసేయమన్నవాడి చేత కారణం రాయించడం గట్టి పని. నా సర్వీసులో ఆ నాలుగో గడి నింపి సంతకం పెట్టినవాడు ఒక్కడూ లేడు.