అతుకు లేని తీగ

ఎస్తేరు మేడంగారి తోలు సంచి తెరిస్తే ఇప్పటికీ తలనొప్పి మందు వాసన, ప్లాస్టిక్ తీగల వాసన కలిసి గుప్పుమంటాయి. మొన్న ఆదివారం పొద్దున దాన్ని అటక మీద నుంచి దించాను. తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో వారం రోజులుగా నెట్ నత్తనడక నడుస్తోంది. ఫోన్లకు బాగానే వస్తోంది, తీగతో కలిపిన మా ఆయన కంప్యూటర్‌కే సరిగ్గా రావడం లేదు. "ఆ కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి నాలుగు దులిపెయ్" అన్నారాయన. నేను ఫోన్ చేయలేదు. సంచి అడుగున చుట్టి ఉన్న పొట్టి తీగ కోసం తడుముతూ, మేడంగారు ఉంటే ఏమనేవారా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పోయిన వర్షాకాలంలో ఆవిడ పోయారు. ఆవిడ లేరంటే నాకు ఇంకా నమ్మబుద్ధి కాదు.

ఏలూరు పవర్‌పేటలో ఆవిడకు చిన్న ఆఫీసు ఉండేది. భర్త పోయాక కేబుల్ టీవీ వ్యాపారం ఆవిడ నెత్తిన పడితే, కొన్నాళ్ళకు దాన్ని ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే వ్యాపారంగా మార్చుకున్నారు. నేను డిప్లొమా చదివి, అక్కడ ఫోన్లు ఎత్తే ఉద్యోగం కోసం వెళ్ళాను. "గొంతు బాగానే ఉంది, కాళ్ళు కూడా గట్టివేనా?" అని అడిగి, మర్నాటి నుంచే నన్ను తనతో ఇళ్ళకు తిప్పడం మొదలుపెట్టారు. నేత చీర, దాని కింద బూట్లు, భుజాన ఈ సంచి. ఆడవాళ్ళొచ్చారేమిటని గుమ్మంలో నిలబడి చూసేవాళ్ళు. "జరగండి బాబూ, మీ పనికే వచ్చాం" అని ఆవిడ వాళ్ళను తప్పించుకుని లోపలికి నడిచేవారు.

ఎవరింటికి వెళ్ళినా ఆవిడ ముందు నెట్ వచ్చే పెట్టె ముట్టుకునేవారు కాదు. నెట్ నెమ్మదిగా వస్తోందన్న మనిషి ఎక్కడ కూర్చుంటారో అడిగి, ఆ కుర్చీలో కూర్చుని, వాళ్ళు పడే విసుగు తనూ పడేవారు. ఆ తర్వాతే సంచిలోంచి పొట్టి తీగ బయటికి వచ్చేది. అది మంచిదని ఆవిడకు రూఢిగా తెలుసు. ఆ తీగతో లాప్‌టాప్‌ను నేరుగా పెట్టెకు కలిపి వేగం చూస్తే, లోపం పెట్టెలో ఉందో దారిలో ఉందో తేలిపోయేది. నేనేమో అంత ఓపిక ఉన్నదాన్ని కాదు. ఒకసారి ఒక లెక్చరరుగారింట్లో హుషారుగా తీగా మార్చాను, పెట్టే మార్చాను. నెట్ పరుగందుకుంది. మెచ్చుకుంటారని ఆవిడ వంక చూశాను.

"బాగైంది సరే, ఏది చెడిందమ్మాయ్?" అన్నారు.

"తెలీదండీ. వస్తోంది కదండీ."

"తెలీకుండా బాగైంది తెలీకుండానే మళ్ళీ చెడుతుంది. పాతవి రెండూ పెట్టు. ఒక్కోటీ మార్చి చూడు."

లెక్చరరుగారి భార్య మళ్ళీ టీ పెట్టేదాకా పాతవి బిగిస్తూనే ఉన్నాను. చివరికి తీగదే లోపమని తేలింది. పెట్టె నిక్షేపంగా ఉంది. "పాపం, ఏ పాపం ఎరుగని పెట్టెకి ఉద్యోగం ఊడగొట్టావ్" అని ఆవిడ దారిపొడుగునా నన్ను ఆటపట్టించారు.

కానీ ఆవిడంటే నాకు నిజంగా గౌరవం కలిగింది కొల్లేరు వైపు ఒక లంక ఊళ్ళో. ఆ ఇంటి కోడలు దివ్య ఇంట్లోంచే ఒక కంపెనీ తరఫున పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పేది. పాఠం మధ్యలో బొమ్మ ఆగిపోతోందని పైవాళ్ళు ఇదివరకే హెచ్చరించారు. మర్నాడు ఆమె పాఠాన్ని వాళ్ళే కూర్చుని చూస్తారట. అప్పుడూ ఆగిపోతే ఇక రానక్కర్లేదని చెప్పేశారట. ఫోన్‌లో ఏడుపు ఆపుకుంటూ ఆ అమ్మాయి ఈ సంగతి చెప్పగానే, మేడంగారు విప్పిన టిఫిన్ డబ్బా మూసేసి నన్ను బయల్దేరదీశారు. కైకలూరు దాటాక బస్సు దిగి చేపల చెరువు గట్టు మీదుగా నడిచాం.

దివ్య మామగారు సూర్యారావుగారు గేటు దగ్గరే ఎదురొచ్చారు. "కోడల్ని ఉద్యోగానికి పెట్టావేంటని చుట్టాలంతా తలో మాటా అన్నారండి. నేనే చెయ్యమన్నానండి. వెనకాల గది ఆ పిల్లకే ఇచ్చేశాం. అక్కడికి ఫోన్ సిగ్నల్ అందదని తీగ కూడా నేనే లాగానండి" అన్నారు.

"మీకు తీగల పని వచ్చాండీ?" అన్నాను.

"ఆయ్. మా చెరువు మోటార్లకి అతుకులన్నీ నాయేనండి. నీళ్ళలో మునిగినా చెక్కుచెదరవు."

మేడంగారు వెనక గదిలో దివ్య కుర్చీలో కాసేపు కూర్చున్నారు. తర్వాత వరండాలో ఉన్న పెట్టెకు తన పొట్టి తీగ కలిపి చూశారు. అక్కడ వేగం ఎంత రావాలో అంతా వస్తోంది. "దారిలో పోతోందమ్మాయ్, తీగ పట్టుకుని వెళ్ళు" అన్నారు. స్టూలెక్కి, తీగను వేళ్ళతో తడుముకుంటూ వెళ్ళాను. ధాన్యం బస్తాల పైన దూలం మీద చేతికి ఒక ఉండ తగిలింది. నల్ల టేపు, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క, ఎంతో శ్రద్ధగా బిగించి చుట్టిన అతుకు. మోటారు తీగకు అలాంటి అతుకు చక్కగా సరిపోతుంది. నెట్ తీగలో ఎనిమిది సన్నని తీగలు జంటలు జంటలుగా మెలితిరిగి ఉంటాయి, ఆ మెలి విప్పి కలిపితే మాట తడబడుతుంది. పైగా ఆయన నాలుగే కలిపి, మిగతావి దండగనుకుని కత్తిరించేశారు.

నేను నోరు తెరవకముందే ఆయనకు నా ముఖం చూసి అర్థమైపోయింది. "నా అతుకేనాండీ?" అన్నారు. దివ్య తల దించుకుంది. "ఇన్నాళ్ళూ పిల్ల పని నేనే చెడగొట్టానన్నమాట" అన్నారాయన, ఎవరితోనో కాదు, తనతోనే. నాకు కిందికి దిగాలనిపించలేదు.

మేడంగారు మాత్రం ఆ అతుకు కేసి చూస్తూ ఉండిపోయి, "బాబాయిగారండీ, ఈ రెండో ముక్క మీకెక్కడిదండి?" అని అడిగారు.

"మీవాళ్ళే ఇచ్చారండి. తీగ చాల్లేదని వరండాలోంచి ఈ దూలందాకా లాగి, ఈ ముక్క ఇచ్చి, మళ్ళీ వస్తామని వెళ్ళారు. రాలేదు. పిల్లకి పాఠాలు మొదలైపోతున్నాయని నేనే కలిపేశానండి."

ఆవిడ అడగకపోతే ఆ ముక్క సంగతి ఎవరికీ పట్టేది కాదు. అలాంటివి కప్పేసుకునే ఆఫీసులు నేను తర్వాత చాలా చూశాను. మేడంగారు నేరుగా దివ్య వైపు తిరిగారు. "అయితే తప్పు మాదేనమ్మా. గదిదాకా ఒకే తీగ వెయ్యాల్సింది మేము. సగంలో వదిలేసింది మేము. మీ మామగారు మాకోసం ఆగకుండా నీ పని నడిపించారు. రేపు మీ కంపెనీవాళ్ళు అడిగితే మా పేరు చెప్పు, నేను మాట్లాడతాను." తర్వాత కొత్త తీగ చుట్ట విప్పి, దాని కొస సూర్యారావుగారి చేతికి ఇచ్చారు. "మీరే లాగండి బాబాయిగారూ. ఈ ఇల్లు మీకు తెలిసినట్టు మాకు తెలీదు."

ఆయన దూలాల మీదుగా అతుకు లేకుండా తీగ లాగారు. రెండు కొసలూ నేను బిగించాను. దివ్య కుర్చీలో కూర్చుని చూసుకుని, "వచ్చేసింది మామయ్యగారూ" అని కేకేసింది. మమ్మల్ని కాదు, ఆయన్ని పిలిచింది. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయారు. మర్నాడు పాఠం ఎక్కడా ఆగలేదని, ఉద్యోగం నిలబడిందని దివ్య ఫోన్ చేసింది.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "తప్పంతా మీ మీదే వేసుకున్నారేంటండీ?"

"వేసుకోలేదమ్మాయ్, మనదే. అయినా రాత్రికి వాళ్ళంతా కలిసి అన్నం తినాలి కదా" అన్నారు. అని, టిఫిన్ డబ్బా తెరిచి, చల్లారిపోయిన ఇడ్లీ నాకొకటి ఇచ్చారు.

ఆఫీసు మూసేసే రోజున ఆవిడ ఈ సంచి నాకు ఇచ్చారు. మొన్న అందులోంచి పొట్టి తీగ తీసి, ముందు మా ఆయన కుర్చీలో కూర్చున్నాను. తర్వాత పెట్టె దగ్గర చూశాను, వేగం బాగానే ఉంది. తీగ వెంట వేళ్ళు పెట్టుకుని నడిస్తే మధ్య గదిలో అత్తయ్యగారి కుట్టుమిషన్ దగ్గర ఆగాయి. దాని ఇనప కాలు కింద తీగ నలిగి అప్పడంలా అయిపోయింది. వెనక్కి తిరిగేసరికి అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"వెలుతురు కోసమని నేనే జరిపానమ్మా. చూసుకోలేదు" అన్నారు. వారం నుంచి కొడుకు విసుక్కోవడం వింటున్నారేమో, గొంతు సన్నగా వచ్చింది. ఆవిడ వెనక మా ఆయన ఏదో అనబోయారు.

"తీగని నేల మీద వదిలేసింది నేనేనత్తయ్యా. గోడకి బిగించాల్సింది" అన్నాను. కొత్త తీగ కొస ఆవిడ చేతికి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని, "ఇలాగేనా?" అని అడుగుతూ గోడ వెంట నడిచారు. మధ్యాహ్నం ముగ్గురం కలిసి అన్నం తిన్నాం.