దావీదు మాస్టారు సున్నంతో గీసిన నది

మొన్న మా వీధిలో గోడలకు సున్నం వేస్తున్నారు. ఆ తడి సున్నం ఘాటు ముక్కుకు తగలగానే చీరాల దగ్గర నేను గుమాస్తాగా పనిచేసిన మిషన్ స్కూలు ఆటస్థలం కళ్లముందుకొచ్చింది. డ్రిల్లు మాస్టారు దావీదుగారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే నాకు సిగ్గు కూడా వస్తుంది. ఎనభైల నాటి మాట, అయినా తగ్గలేదు.

ఆయన వయసులో ఉండగా సైన్యంలో చేశారు. కొండ నదుల్లో రబ్బరు పడవ నడిపిన మనిషి. రిటైరయ్యేలోగా మళ్లీ ఒక్కసారి అలాంటి నీళ్లలో తెడ్డు వెయ్యాలని ఆయన కోరిక. మే నెల సెలవులకు మన్యంలో ఒక నదిని ఎంచుకుని, మగ్గం నేసే యోహానునీ నన్నూ జత చేసుకున్నారు. లారీ ట్యూబులు, వెదురు బొంగులు పోగుచేశారు. “ఒడ్డు నడిచి చూడకుండా పడవ దించకూడదయ్యా శేషగిరీ. నువ్వు ముందెళ్లి రెండ్రోజులు ఒడ్డెంబడి నడువు. ప్రతి రాయీ రాసుకురా,” అని ఫిబ్రవరిలో నన్ను పంపారు. పొందిగ్గా రాస్తానని నాకు పేరు మరి!

వెళ్లాను. బస్సు దిగగానే నీళ్ల హోరు వినపడింది. ఒడ్డుదాకా వెళ్లి, ఆ తెల్లటి నురగ చూసి, భయపడి వెనక్కొచ్చేశాను. రెండు రోజులూ లాడ్జిలో పడుకున్నాను. టీకొట్టు అతన్ని నాలుగు మాటలడిగి, మిగతాది సొంతంగా అల్లాను. మేం కాలువ నీళ్ల మనుషులం. ఎండాకాలం లాకులు దించి కాలువ కట్టేస్తే, అడుగున బురదలో పిల్లలు చేపలు పట్టుకుంటారు. ఏ నీళ్లయినా అంతే, మే నెలకి ఈ హోరంతా అణిగిపోతుందిలే అనుకున్నాను. ‘నాలుగు మలుపులు, అక్కడక్కడా రాళ్లు, నడుము లోతు, భయం లేదు’ అని దర్జాగా రాసుకొచ్చాను.

మాస్టారు నా కాగితం చూసి, పిడుగురాళ్ల సున్నంతో ఆటస్థలం నిండా నది గీశారు. రాళ్ల చోట ఇటుకలు పెట్టారు. రోజూ సాయంత్రం ఆ గీతల మధ్య బల్ల వేసుకుని ముగ్గురం తెడ్లు ఊపేవాళ్లం. మిరపకాయల కోత నుంచి వస్తున్న ఆడవాళ్లు ఆగి నవ్వేవాళ్లు. “ఏంది మాస్టారూ, నేల మీద పడవా?” అంటే ఆయన, “నీళ్లలో తప్పు చేస్తే దిద్దుకోడానికి టైముండదమ్మా, అందుకే ఇక్కడ చేస్తున్నాం,” అనేవారు. ఒకరోజు పెద్ద ఇటుక చూపించి, “దీనికి ఏ పక్కనుంచయ్యా నీళ్లు పోయేది?” అన్నారు. “ఎడమ పక్కనుంచండి,” అన్నాను. వారం తర్వాత మళ్లీ అదే అడిగారు. “కుడి పక్కనుంచండి,” అన్నాను. ఆయన నా ముఖంకేసి చూశారు.

ఆ శనివారం ఆయనొక్కరే మన్యం బస్సెక్కారు. నాలుగో రోజున కాలికి గుడ్డ చుట్టుకుని కుంటుతూ వచ్చి, చీపురు తీసుకుని తానే ఆ సున్నమంతా చెరిపేశారు. యోహానును పిలిచి, “మూడో మలుపు దాటాక నది తాటిచెట్టంత లోతుకు దూకుతోందిరా. శేషగిరి సరిగ్గానే రాశాడు, గీయడంలో నేనే తప్పాను. ఈ ఏడాదికి వద్దు,” అన్నారు. యోహానుకి ఒళ్లు మండింది. “మగ్గం ఆపుకుని తిరిగానండి మీ వెంట. చంపేసేవాళ్లే కదండీ!” అన్నాడు. మాస్టారు తల దించుకున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

అతను వెళ్లాక ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. “భయమేసిందని రాసుకొచ్చినా సరిపోయేదయ్యా. అది కూడా నది కబురే,” అన్నారు. నేను క్షమించమని కూడా అడగలేదు. ఆ ఏడే ఆయన రిటైరయ్యారు. ఆ తర్వాత మోకాళ్లు పట్టేశాయి. ఆయన మళ్లీ అలాంటి నీళ్లలో దిగనే లేదు.

చాలా ఏళ్లకు ఆయన సమాధి కార్యక్రమం అయ్యాక, చర్చి గేటు దగ్గర యోహాను నా పక్కన నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుంటూ, “బంగారంలాంటి మనిషి. కానీ ఆ గీత తప్పడమేంటో, ఆ ఏడు మనిద్దర్నీ పొట్టన పెట్టుకునేవాడే, కాదంటావా?” అన్నాడు. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. చెప్పినా నన్ను కొట్టేవాళ్లు లేరు, ఉద్యోగంలోంచి తీసేసేవాళ్లు లేరు.

అవునన్నట్టు తల ఊపాను.