తరుగు పోగా

బేరంలో మెట్లు దిగే విద్యలో నన్ను మించినవాళ్లు మా బజారులో లేరు. ధర నచ్చలేదని చెప్పి, చెప్పుల్లో కాళ్లు దూర్చి, మొదటి మెట్టు విసురుగా దిగాలి. రెండోది నెమ్మదిగా. మూడోది ఇంకా నెమ్మదిగా. నాలుగో మెట్టు మీద కాలు పెట్టేలోపు వెనకనుంచి "సరే రండమ్మా, మీరే ఓ మాట చెప్పండి" అని పిలుపు వస్తుంది. మా నాన్నది గోదావరి పక్క ఊళ్లో చింతపండు, బెల్లం, మిరపకాయల కొట్టు. గల్లాపెట్టె పక్కనే పెరిగాను. ఇప్పుడు కృష్ణానగర్‌లో సినిమావాళ్లకి గిల్టు నగలు అద్దెకిచ్చే షాపు నడుపుతున్నాను. ప్రొడక్షన్ మేనేజర్లతో బేరమాడి నెగ్గినదాన్ని. అంతటి నేను, ముప్పై ఏడేళ్ల వయసులో, పెళ్లయిన తొమ్మిదేళ్లకి, జూబ్లీహిల్స్‌లో ఓ ఐవీఎఫ్ ఆసుపత్రి మెట్లు బేరం కోసం దిగాను. ఈ ఘనకార్యం చేసిన ఆడది నగరం మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

ఎవరూ పిలవలేదు.

నేనడిగింది పెద్ద కోరికేం కాదు. సగం ఇప్పుడు, సగం కడుపు పండాక. సరుకు నచ్చితేనే డబ్బు అనేది మా వీధిలో పాత మాటే. డబ్బుల సంగతి చూసే అమ్మాయి "ఇక్కడ అలా ఉండదు మేడం" అంది నవ్వుతూ. నేను లేచాను. కింద బండి దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు.

"ఏమన్నారు?"

"పిలుస్తారు. రెండు రోజులు ఆగండి."

"ఇవాళే మొదలుపెట్టాలన్నారు కదా?"

"అదంతా అమ్ముకునేవాళ్ల మాటండీ."

అది అమ్ముకునేవాళ్ల మాట కాదు. నెలసరి వచ్చిన రెండో రోజో మూడో రోజో స్కాన్ చేసి ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. ఆ గడువు దాటితే మళ్లీ నెల. మూడోనాడు నేనే ఫోన్ చేస్తే, అదే నవ్వు గొంతుతో "వచ్చే నెల రండి మేడం" అంది. నా వయసులో నెల అంటే ఏమిటో అప్పటికే నాకు తెలుసు. తెలిసీ మెట్లు దిగాను.

మరుసటి నెల అవే మెట్లు ఎక్కాను. డాక్టరు యాభై దాటిన మనిషి. మాటలు తూచి వాడుతుంది. నా కాగితాలు చూసి, కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది.

"పది పన్నెండు రోజులు పొట్టలో ఇంజెక్షన్లు. పొట్ట ఉబ్బుతుంది. నిద్ర సరిగా ఉండదు. ఊరికే ఏడుపొస్తుంది, ఆయన మీద అరుస్తారు. అరవండి, ఫర్వాలేదు. కానీ ఊపిరి ఆడకపోయినా, మూత్రం తగ్గినా, ఉన్నట్టుండి బరువు పెరిగినా ఏ వేళైనా నాకు ఫోన్ చెయ్యాలి. మొహమాటపడొద్దు."

"మొదటిసారికే వస్తుందా డాక్టర్?"

"రావచ్చు. మీ వయసులో మొదటిసారికి రానివాళ్లే ఎక్కువమ్మా. అది తెలిసే మొదలుపెట్టండి."

తన సరుకులో లోపం తనే ముందు చూపించే వ్యాపారిని నేను అప్పటిదాకా చూడలేదు. నోరెత్తకుండా మొత్తం డబ్బు కట్టాను.

మా ఆయన ఫిల్మ్ నగర్‌లో సౌండ్ ఇంజనీరు. సూది చూస్తే ఆయనకి చెమటలు పడతాయి. రక్తపరీక్షకి వెళ్తే మొహం అటు తిప్పుకుని హనుమాన్ చాలీసా అందుకుంటారు. ఆ మనిషి నాకు ఇంజెక్షన్లు తనే వేస్తానన్నారు. నర్సు చూపించినట్టు నా పొట్ట చర్మం రెండు వేళ్లతో మడిచి పట్టుకుని, సూది గాల్లో ఆపి, ఎంతసేపటికీ కదలరు. ఆయన చెయ్యి కదిలేలోపు నా ఓపిక అయిపోయింది.

"సౌండ్!" అని అరిచాను, షూటింగులో దర్శకుడు అరిచినట్టు.

"రోలింగ్," అన్నారు అలవాటుగా. గుచ్చేశారు.

ఆ తర్వాత రోజూ అదే. నేను సౌండ్ అనడం, ఆయన రోలింగ్ అనడం. కొన్ని మందులు చురుక్కుమని ఊరుకుంటాయి, కొన్ని కాసేపు మండుతాయి. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె ఉండే చోట మందుల డబ్బాలు చేరాయి. నా పొట్ట మీద బొట్టుబిళ్లలంత నీలం మచ్చలు పడ్డాయి. మచ్చ లేని చోటు వెతికి గుచ్చడానికి ఆయన పడే అవస్థ చూస్తుంటే, పెళ్లినాడు కూడా నేనీయన్ని ఇంత శ్రద్ధగా చూడలేదే అనిపించింది.

స్కాన్లకి పొద్దున్నే వెళ్లాలి. లోపలినుంచి చేసే స్కాన్ అది. నొప్పి కన్నా సిగ్గు ఎక్కువ, నాలుగోసారికి సిగ్గూ ఉండదు. ఆ వరుసలో నా పక్క కుర్చీలో ఒకమ్మాయి కూర్చుంది. నన్ను ఎగాదిగా చూసింది.

"నగల షాపక్కవు గదా నువ్వు! నడుంపట్టి ఇరిగిందని మా దగ్గర ఐదొందలు గుంజినవ్."

పాటల్లో వెనక వరుసలో చేసే గ్రూపు డాన్సరు. కృష్ణానగర్‌లోనే ఉంటుంది. నిజమే, గుంజాను. నడుంపట్టి బాగుచేయించడానికి అయింది నూట యాభై.

"ఇది నాకు మూడోసారక్కా," అంది. "షూటింగుల ఉంటే బస్సెనక్కి పోయి నేనే పొడుచుకుంట. ఫికర్ లే. జర ఎగురొద్దన్నది డాక్టరమ్మ. మాస్టరును అడిగి ఎనక నిలబడి చేతులూపుతున్న."

"రెండుసార్లు పోయాక మళ్లీ ఎలా వచ్చావు?"

"ఎట్లేంది? ఏడ్చిన. కడుపునిండ బిర్యానీ తిన్న. మళ్ల వచ్చిన."

నా నెంబరు పిలిచారు. లేస్తుంటే చెయ్యి పట్టుకుని, "ఎన్నొచ్చినయని ఎవ్వలకు చెప్పకు. గీడ లెక్క రోజూ మారతది," అంది.

నాకు పద్నాలుగు అండాలు కనబడుతున్నాయన్నారు. బయటికొస్తుంటే కొట్టుకి కొత్త సరుకు దిగినంత గర్వం. పొట్ట మాత్రం చింతపండు బుట్ట నడుముకి కట్టుకున్నట్టు బరువు. చీర కుచ్చిళ్లు కిందకి జార్చి కట్టుకునేదాన్ని. ఆ రోజుల్లోనే ఒక మేనేజరు వంకీలు తిరిగివ్వడానికొచ్చి, అద్దె ఎక్కువన్నాడు. అరిచాను. అతను పర్సు తీశాడు. అంతలో నాకేమైందో, ఏడుస్తూ సగం తగ్గించాను. ఆ మందుల బలానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అండాలు తీసేముందు వేసే ఆఖరి ఇంజెక్షన్ చెప్పిన నిమిషానికే పడాలి. మా ఇంట్లో మొదటిసారి ఒక పని టైముకి జరిగింది. అండాలు తీసిన రోజు మత్తిచ్చారు. లేచాక పొత్తికడుపులో నెలసరి నొప్పి లాంటి పోటు, కొంచెం రక్తం, విపరీతమైన దాహం. పద్నాలుగూ దొరికాయన్నారు.

మరుసటి రోజు నుంచి ల్యాబ్ ఆవిడ ఫోన్ చేసేది. మెత్తని గొంతు. పక్వానికి వచ్చినవి పదకొండండీ. ఫలదీకరణ అయినవి ఎనిమిదండీ. రెండు రోజులాగి, బాగా పెరుగుతున్నవి ఐదండీ. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ మా నాన్న కొట్టు గుర్తొచ్చేది. కొత్త చింతపండు తడిమీద ఉన్నప్పుడు వంద కిలోలు తూగుతుంది, ఎండేకొద్దీ తగ్గుతుంది. చిన్నప్పుడు నేను ఎవరో దొంగిలించారనుకుని గొడవచేస్తే, "తరుగమ్మా. ఎవరి తప్పూ కాదు. తరుగు పోగా ఉన్నదే మన సరుకు," అనేవారు. అప్పుడు నమ్మలేదు. ఇప్పుడు నమ్మక తప్పలేదు.

ఐదో రోజుకి మూడు పిండాలు నిలిచాయి.

"రెండు పెట్టేయండి డాక్టర్," అన్నాను. పాత బుద్ధి.

"ఒకటి చాలు. కవలలంటే లాభం కాదమ్మా. మీకూ ప్రమాదమే, వాళ్లకీ ప్రమాదమే. మిగతా రెండూ ఫ్రీజ్ చేద్దాం."

పిండం లోపల పెట్టేటప్పుడు మత్తు లేదు, పెద్ద నొప్పీ లేదు. కానీ మూత్రం నిండా పట్టుకుని పడుకోవాలి. ఆ సమయంలో మాతృత్వం మీద గొప్ప ఆలోచనలేవీ రావు. తెరమీద చిన్న తెల్లని మెరుపు కనిపించింది. తలదగ్గర నిలబడ్డ మా ఆయన ఊపిరి బిగబట్టారు, ఎక్కడ శబ్దమవుతుందోనని.

తర్వాత ఎదురుచూడటం. అన్నిటికన్నా కష్టమైనది అదే, ఎందుకంటే చెయ్యడానికి పనేమీ ఉండదు. రొమ్ములు సలుపుతాయి, నిద్ర ముంచుకొస్తుంది, కాఫీ వాసన పడదు. ఇవన్నీ గర్భం వల్లా రావచ్చు, వాళ్లిచ్చే మందుల వల్లా రావచ్చు. నమ్మడానికీ లేదు, నమ్మకపోవడానికీ లేదు. పెద్దమ్మ తల్లి గుడికెళ్లి నూట ఎనిమిది కొబ్బరికాయలని మొదలుపెట్టి, దండం ముగిసేలోపు పదకొండుకి దింపాను. అమ్మవారు కూడా వెనక్కి పిలవలేదు.

రక్తపరీక్ష రోజు డాక్టరే ఫోన్ చేసింది.

"నిలవలేదమ్మా. మీరు చేసినదాంట్లో తప్పేమీ లేదు."

"ఆ ముందు నెల నేను వెళ్లిపోకుండా ఉంటే?"

"ఆ నెల వల్ల పోయిందని చెప్పలేను. కాదనీ చెప్పలేను."

మంచి మాట కోసం అబద్ధమాడలేదావిడ. ఆ రోజు అది కత్తిలా దిగింది. ఇప్పుడైతే, నా జీవితంలో నాతో అంత నిజాయితీగా లెక్క చెప్పినవాళ్లు మా నాన్న తర్వాత ఆవిడేననిపిస్తుంది. మా ఆయన పని మధ్యలో వదిలి ఇంటికొచ్చారు. ఫ్రిజ్‌లో ఖాళీ డబ్బాలు తీసేసి, పెరుగు గిన్నెని పాత చోట పెట్టారు. అది చూసి ఏడ్చాను. తర్వాత ఆయన బిర్యానీ తెప్పించారు. ఆ డాన్సరు సంగతి ఆయనకి చెప్పింది నేనే.

నెలాఖరున ఆ అమ్మాయి షాపుకొచ్చింది. నగలకోసం కాదు. గుమ్మంలోనే నిలబడి, నా దగ్గర ఏదో ఎత్తుకుపోయినదానిలా తల దించుకుంది.

"నాది నిలిచిందక్కా. వేరేటోళ్లు చెప్తే నీకు బాధైతదని నేనే వచ్చిన."

కుళ్లు లేదంటే అబద్ధం. ఉంది, గొంతుదాకా వచ్చింది. కానీ నాకు ఎదురుపడకుండా ఉండొచ్చు కదా, ఉండలేదు. ఆ ధైర్యం ముందు నా కుళ్లు సిగ్గుపడి దిగిపోయింది. గల్లాపెట్టె తీసి మూడువందల యాభై లెక్కపెట్టి చేతిలో పెట్టాను.

"ఏందక్కా ఇది?"

"నడుంపట్టిది. నూట యాభైయే అయింది."

"నాకెర్కే," అంది నవ్వి, తీసుకుంది.

ఇక బిల్లు. ఆసుపత్రికీ మందులకీ కలిపి రెండు లక్షల ఎనభై వేలు. బేరమాడి నేను సాధించిన తగ్గింపు, పార్కింగు చీటీ డబ్బులు. మెట్లు దిగినందుకు పోయింది ఒక నెల. దాని ధర డాక్టరుకే తెలియదు కాబట్టి అక్కడ అంకె వెయ్యడం లేదు. తిరిగి చెల్లించినది మూడువందల యాభై. అమ్మవారికి మొక్కింది పదకొండు కాయలు, ఫలితం కోసం ఆగకుండానే గుళ్లో కొట్టేశాను. పద్నాలుగులో తరుగు పన్నెండు. ఆ పన్నెండులో ఒకటి కొన్నాళ్లు నాలో ఉంది. నిల్వ రెండు, ఫ్రీజర్‌లో. ఏడాది కిరాయి కట్టేశాను, అడిగినంతా.