బావ కొన్న మడతచాకు

మా వైపు మందు అంటే మూడు. ఒంట్లో బాగాలేనివాడు వేసుకునేది, పొద్దుగూకాక కొందరు తాగేది, పైరు మీద కొట్టేది. తామరపురుగు మిరపతోటను పీల్చి పారేసిన ఏడు, మా బావ మూడోదాన్ని రెండోదానిలా తాగాడు. మొదటిది ఆయన్ని బతికించింది. ఇప్పుడంటే ఇలా వరసపెట్టి రాస్తున్నాను గానీ, ఆసుపత్రి వరండాలో కూర్చున్నన్నాళ్ళూ నా నోట్లో ఒక్క మాట పుట్టలేదు.

గుంటూరులో కోర్టు పక్క సందులో నాది జిరాక్స్ షాపు. మా అక్క మొగుడైన ఈ బావ పెళ్ళిళ్ళలో నన్ను నలుగురికీ చూపించి, "మా బామ్మర్ది కూడా నకలేనండీ, అసలు ఎక్కడుందో మా మామగారు చెప్పకుండానే పోయారు" అనేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. బావా బామ్మర్దుల మధ్య అది హక్కు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ హక్కును ఇద్దరం వదిలేశాం. నేను నెమ్మదిగా మాట్లాడేవాణ్ణి, ఆయన అసలు మాట్లాడేవాడు కాదు.

మరుసటి ఏడు తోట కాసింది. బావ చేతివేళ్ళకు ఇంకా తిమ్మిరి వదల్లేదని, కల్లం దగ్గర మన మనిషి ఒకడు కావాలని అక్క ఫోన్ చేసింది. షాపు మా ఆవిడకు అప్పగించి, అద్దంకి అవతల వాళ్ళ ఊరు వెళ్ళాను.

ఆ ఇంట్లో నాకు ముందుగా కనిపించినవి, కనిపించని వస్తువులే. కత్తిపీట లేదు. కొడవలి లేదు. గడ్డం గీసుకునే బ్లేడు లేదు, అందుకని బావకు గడ్డం ఉంది. అక్క కూరగాయలు చెంగులో పోసుకుని పక్కింటికి వెళ్ళి తరుక్కొచ్చేది. తోటకు మందు కొట్టే పని పక్క పొలం ఆయనకు ఒప్పజెప్పింది. బావ జేబులో ఏళ్ళ తరబడి ఉన్న పాత చాకును సాగర్ కాలవలో పడేసిందట.

కల్లంలో ఎండిన కాయల్ని టిక్కీల్లోకి, అంటే గోనె బస్తాల్లోకి తొక్కి, మూతులు పురికొసతో కుట్టేస్తున్నారు. కుట్టేవాళ్ళ దబ్బనాలు వాళ్ళతోనే వచ్చి వాళ్ళతోనే పోతాయి. పురికొస కొలిచి తెంపి ఇవ్వడం బావ పని. తెంపడానికి ఏమీ లేక పళ్ళతో కొరికేవాడు. మిరపకల్లంలో పురికొసకు కూడా కారం అంటుతుంది. మధ్యాహ్నానికల్లా పెదాలు వాచేవి. కుట్టేవాళ్ళ దగ్గర కత్తులున్నాయి, కానీ అక్క ముందే చెప్పి ఉంచింది. వాళ్ళు ఆ మాటకు కట్టుబడి ఆయనకు ఇవ్వలేదు, ఆయన కొరుకుతుంటే చూడలేక తలలు పక్కకు తిప్పుకునేవాళ్ళు. తన కల్లంలో తన దారాన్ని తన పళ్ళతో తెంపుకునే రైతును నేను అంతకుముందు చూడలేదు.

ఒకరోజు బావ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి అద్దంకి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేదాకా అక్క వీధి గుమ్మంలోంచి కదల్లేదు. వచ్చి, జేబులోంచి కొత్త మడతచాకు తీసి అందరూ చూసేలా మంచం మీద పెట్టాడు. దాచుకోవాలనే ఉద్దేశం ఉన్నట్టు లేదు. కానీ కొత్తది కదా, బిగుసుకుని ఉంది. తిమ్మిరి వేళ్ళతో ఎంత లాగినా రాలేదు. చివరికి నా వైపు తోశాడు.

"ఒరేయ్, దీన్ని కాస్త వదులు చేసిపెట్టు."

ఆసుపత్రి తర్వాత ఆయన నన్ను ఒరేయ్ అనడం అదే మొదలు. ఆ వెంటనే అక్క నన్ను పెరట్లోకి పిలిచింది.

"వదులు చెయ్యమాక. నా వల్ల కాలేదని చెప్పు. అది బిగుసుకునున్నన్నాళ్ళే నాకు కంటిమీద కునుకు."

ఆమెకు మాటివ్వకుండానే తిరిగొచ్చాను. పనికి మాత్రం కూర్చున్నాను. మడిచి ఉన్న ఇనప ఆకు మీద గోరు పెట్టి లాగే గాడిలో మొదటి లాగుకే నా గోరు విరిగింది. కాయితాలు తిప్పే గోరది, ఇనుముతో దానికి పరిచయం లేదు. కీలులో కిరసనాయిలు పోస్తే, సానపట్టినప్పటి ఇనప పొడి గడ్డకట్టిన జిడ్డుతో కలిసి నల్లగా కారింది. గుడ్డతో తుడిచి, పక్కింటి కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, తెరిచి, మూసి, మళ్ళీ తుడిచాను. ఆకు మడమ మీద స్ప్రింగు ఒరుసుకునే చోట సన్న గరుకు కాయితంతో రుద్దాను. మధ్యలో చేతికున్న కారం మరిచిపోయి కన్ను నలుపుకున్నాను, మిరపకల్లంలో కూర్చుని. పని రానివాడికి ఒక సౌకర్యం ఉంది. ఎంత ఆలస్యం చేసినా కావాలని చేస్తున్నాడని ఎవరూ అనుకోరు. కానీ ఇనుము నా మనసు చూసి నడుచుకోదు. రోజురోజుకీ వదులవుతూనే వచ్చింది. ఆపితే అక్కకు నిద్ర, సాగితే బావకు పళ్ళు.

బావ వచ్చి పక్కన కూర్చున్నాడు. "బిగుసుకుపోయింది చాకా, నువ్వా?"

నవ్వబోయి మానేశాను.

"మీ అక్క వద్దందిగా."

"అంది బావా."

టిక్కీల వైపు తిరిగాడు. "నన్ను నమ్మమని అడగట్లేదురా. నాకే ఆ నమ్మకం లేదు. దారం కోసుకోనీండి, అంతే."

ఆ మాటను అక్కకు మార్చకుండా చెప్పాను. నకలు తీయడం నాకొచ్చిన విద్యే. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని వింది.

మర్నాడు పొద్దున అక్క కల్లానికి వచ్చి చాకు అడిగింది. మిరపకాయల్నీ చాకునీ చేతిలోంచి చేతికి ఇస్తే తగాదాలొస్తాయని మాకు పట్టింపు, కాబట్టి కింద పెట్టాను. తీసుకుని తనే తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. అంత సులువుగా రావడం ఆమెకు నచ్చలేదని మొహం చెప్పింది. మూసి, బావ ముందు కాయలు పోసిన పట్టా మీద పెట్టి నిలబడింది. బావ తీసుకున్నాడు. బొటనవేలు జారింది. మళ్ళీ జారింది. నా చెయ్యి ముందుకు పోబోతే అక్క కళ్ళతోనే ఆపింది. ఆకు తెరుచుకుంది, పురికొస తెగింది. కుట్టేవాళ్ళు తల తిప్పుకోకుండా చూశారు. సాయంత్రం పని కాగానే ఎవరూ అడక్కుండానే బావ చాకు మూసి అక్క ముందు పెట్టాడు. ఆమె తీసుకుని కొంగున కట్టుకుంది.

అదే వరసైంది. నేను గుంటూరు వచ్చేశాక దీపాలు పెట్టే వేళకు అక్క ఫోన్ చేసేది. "ఇచ్చాడు" అని పెట్టేసేది. ఆ ఫోన్ ఆలస్యమైన రోజు నేను ఎవరి ఆధార్ కార్డు ఎవరికిచ్చానో నాకే తెలిసేది కాదు.

కోతలైపోయాయి. చివరి టిక్కీలు మిర్చి యార్డుకు వెళ్ళిన రోజు ఫోన్ వచ్చింది. ఇచ్చాడని చెప్పి అక్క పెట్టెయ్యలేదు. "ఇక నువ్వే ఉంచుకో, నాకు పనిలేదుగా అన్నాడురా" అంది. ఆ మాట మంచిదో చెడ్డదో ఆమెకు తెలియలేదు. నాకూ తెలియలేదు.

మర్నాడు షాపు తెరవలేదు. వాళ్ళ ఊరు వెళ్ళేసరికి బావ చేలో ఉన్నాడు, కాపు అయిపోయిన మిరప కట్టెను ఉత్త చేతులతో పీకుతున్నాడు. నన్ను చూసి నడుం ఎత్తాడు.

"చూసిపోడానికొచ్చావా?"

"అవును బావా."

"చూడు" అని మళ్ళీ వంగాడు. గట్టు మీద కూర్చున్నాను. చూస్తూనే ఉన్నాను.