మైకులో అమ్మ పేరు

మా చిన్నప్పుడు... నాలుగో క్లాసులో స్టెల్లా టీచర్ స్లిప్ టెస్టు అంటే నాకు ముందురోజే జ్వరం వచ్చేది. ఆ వారం కామన్ నౌన్లు, ప్రాపర్ నౌన్లు. నిర్వచనాలు బట్టీ పట్టాను గానీ, ఏది ఏదో చెప్పమంటే మాత్రం తెల్లమొహం వేసేదాన్ని.

మాది మల్కాజ్‌గిరి. అమ్మ ఏడో తరగతి వరకే చదివింది, అదీ తెలుగు మీడియం. ఆదివారం పొద్దున అమ్మవారి నైవేద్యానికి బోనం కుండకు పసుపు రాస్తూ నా చదువు విని, తనే ఒక ఉపాయం కనిపెట్టింది.

"గుంపుల నిలబడి గట్టిగ పిలువు బిడ్డా. పదిమంది తిరిగి చూస్తే కామన్. ఒక్కరే చూస్తే ప్రాపర్. గంతే."

ఇంత తేలికా అనిపించింది. ఆ సంబరంలో కుండకు కుంకుమ బొట్లు నేనే పెట్టాను... ఒకటి జారి కిందికి కారింది. అమ్మ నవ్వి వదిలేసింది.

ఆ రోజు సికింద్రాబాద్ బోనాలు. నాయిన డ్యూటీకి వెళ్ళాడు. అమ్మ తలమీద బోనం, అమ్మ కొంగు నా గుప్పిట్లో. రాంగోపాల్‌పేట్ గుడి దగ్గరికి చేరేసరికి ఇసుక వేస్తే రాలనంత జనం. నా లోకం నాదే... పిల్ల కామన్, నా పేరు సరిత ప్రాపర్, కుండ కామన్ అని గొణుక్కుంటూ నడుస్తున్నాను.

ఇంతలో అమ్మవారి ముందు ఆడే పోతరాజు కొరడా తిప్పుకుంటూ మీదికొచ్చాడు. జనం ఒక్కసారిగా పక్కకు ఒరిగారు. సద్దుమణిగాక చూసుకుంటే నా చేతిలో కొంగు అలాగే ఉంది... కానీ అది అమ్మది కాదు.

"అమ్మా!" అని అరిచాను. ఐదారుగురు ఆడవాళ్ళు తిరిగి చూశారు. వాళ్ళలో మా అమ్మ లేదు. పొద్దున అమ్మ చెప్పిన పాఠం అప్పుడు బుర్రకెక్కింది.

ఎవరో నన్ను ఎత్తుకెళ్ళి మైకు పందిట్లో దింపారు. మైకు దగ్గర తెల్లమీసాల పెద్దాయన.

"మీ అమ్మ పేరేంది బిడ్డా?"

"సులోచన" అన్నాను. స్కూలు డైరీలో అదే ఉండేది.

మూడుసార్లు పిలిచాడు. ఎవరూ రాలేదు. నా తర్వాత తప్పిపోయి వచ్చిన పిల్లాడిని వాళ్ళమ్మ వచ్చి, వీపు మీద రెండు చరిచి తీసుకుపోయింది. వాడి మీద నాకు అసూయ పుట్టింది!

"మంచిగ యాది చేస్కో. పేరు గదేనా?" అన్నాడు పెద్దాయన. గదే అన్నాను, కానీ నా మీద నాకే అనుమానం మొదలైంది.

అప్పుడు కనిపించింది... కట్టెల అడ్డుకు అవతల, కారిన బొట్టు ఉన్న కుండ. దాని కింద మా అమ్మ. ఒక చేత్తో బోనం పట్టుకుని, కనిపించిన వాళ్ళందర్నీ ఏదో అడుగుతోంది. నెత్తిమీద మైకు "సులోచనా, సులోచనా" అని మోగుతున్నా ఇటు చూడదు! డప్పుల మోతలో నా కేక నాకే వినపడలేదు. అమ్మ వెనక్కి తిరిగి దూరమైపోతోంది. ఇంక అయిపోయింది, ఇంటికి కూడా పోలేను అనుకున్నాను.

"గామెనే మా అమ్మ! పిలిస్తే సూస్తలేదు!" ఏడుపు ఆగలేదు.

పెద్దాయన నా వైపు వంగాడు. "మీ పక్కింటోళ్ళు ఆమెను ఏమని పిలుస్తరు?"

"సరితోళ్ళమ్మ... మాది మల్కాజ్‌గిరి."

"మల్కాజ్‌గిరి సరితోళ్ళమ్మా! నీ బిడ్డ ఈడున్నది!"

కుండ గిర్రున తిరిగింది.

బోనం అమ్మవారి ముందే దించాలి. అందుకే అమ్మ పరుగెత్తలేకపోయింది, వచ్చాక నన్ను ఎత్తుకోనూ లేకపోయింది. నా మణికట్టు మాత్రం నొప్పి పుట్టేలా పట్టుకుంది. చెంపలమీద నీళ్ళు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి ఖాళీ లేదు పాపం.

తిరుగు బస్సులో అడిగాను, పిలిస్తే ఎందుకు రాలేదని.

"గది పెండ్లప్పుడు మీ నాయినోళ్ళు పెట్టిన పేరు బిడ్డా. కాయిదాల మీదనే ఉంటది, ఎవ్వరు పిల్వరు. ఇంకెవ్వరినో అనుకున్న."

నిజమే. నాయిన "ఇగో, ఇన్నవా" అంటాడు, నానమ్మ "ఓ పిల్లా" అంటుంది.

"మరి నీ పేరేంది?"

అమ్మ కిటికీ వైపు తిరిగి, సిగ్గుపడుతూ చెప్పింది. "బాలమణి."

సోమవారం టెస్టులో మొదటి ప్రాపర్ నౌన్ అదే రాశాను. 'నది' కూడా ప్రాపర్ అని రాసి ఒక మార్కు పోగొట్టుకున్నాను, అది వేరే సంగతి.

మొన్న అమ్మని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. స్పీకర్లో "సులోచన" అని రెండుసార్లు పిలిచారు. అమ్మ అందరితోపాటు తనూ అటూ ఇటూ చూస్తోంది, ఎవరా సులోచన అని! చెవి దగ్గరికి వంగి "బాలమణీ..." అన్నాను. ఠక్కున తిరిగింది.

ఆ పేరుతో పిలిచేవాళ్ళు అమ్మ పుట్టింట్లో ఇప్పుడు ఒక్కరూ మిగల్లేదు. ఇప్పుడు పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, జాతరలో తప్పిపోయే భయం తగ్గింది. అమ్మల పేర్లే ఎక్కడో తప్పిపోయాయి...

మీ అమ్మకీ ఇలాంటి పేరుందా? కింద రాయండి. రాసేముందు ఒక్కసారి ఆ పేరుతో పిలవండి... ఎంత తొందరగా తిరిగి చూస్తుందో!